వేమూరామె పేరేమిటి?

అమెరికాలో చాలా కౌంటీ లైబ్రరీల్లో వంశచరిత్రల కోసం ఓ గది విడిగా ఉంటుంది. మైక్రోఫిల్మ్ చూసే మిషన్లు, పాత మ్యాపులు, సమాధుల మీది పేర్లు ఎక్కించిన పుస్తకాలు, సాయం చేయడానికి రిటైరైన వాలంటీర్లు. ఇండియానాలో ఫోర్ట్ వేన్ అనే ఊళ్ళో ఉన్న ఆలెన్ కౌంటీ లైబ్రరీకి ఈ విషయంలో దేశమంతా పేరుంది. పోయిన చలికాలం నుంచీ శనివారాలు మా కౌంటీ లైబ్రరీలో ఆ గదిలో కూర్చుంటున్నాను. మా వాళ్ళెవరూ ఇక్కడ దొరకరని తెలుసు. వీళ్ళు ఎలా వెతుకుతారో చూద్దామని, అంతే.

ముందుగా పట్టుకునేది జనాభా లెక్కలు. ఇక్కడ లెక్కలు తీసిన 72 ఏళ్ళకి ఆ కాగితాలు అందరికీ చూపిస్తారు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న బయటికొచ్చాయి. 1890 నాటివి మాత్రం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలావరకు పాడైపోయాయి. అందుకే అందరి వంశవృక్షాల్లోనూ ఆ దశాబ్దం దగ్గర ఓ బొక్క ఉంటుంది.

పేర్ల స్పెల్లింగు తేడాలకి వీళ్ళు వాడే చిట్కా సౌండెక్స్. డేటాబేసులతో పనిచేసేవాళ్ళకి ఎస్‌క్యూఎల్‌లో ఆ ఫంక్షన్ తెలిసే ఉంటుంది. దాని పేటెంటు 1918 నాటిదని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. మొదటి అక్షరం ఉంచి, అచ్చులు తీసేసి, మిగతా హల్లులకి అంకెలు వేస్తారు. స్మిత్‌ని ఐతో రాసినా వైతో రాసినా ఒకటే కోడ్. సరదాకి మన పేర్లు వేసి చూశాను. రామయ్యకీ, రమకీ, రామికీ ఒకటే కోడ్ వచ్చింది! అచ్చుల మీద బతికే భాష మనది. అచ్చులు తీసేస్తే తాతకీ మనవరాలికీ తేడా ఉండదు.

అసలు చిక్కు ఆడవాళ్ళతో. 1850కి ముందు లెక్కల్లో ఇంటి పెద్ద పేరొక్కటే రాసి, మిగతావాళ్ళని తలల లెక్కన వేసేవారు. పెళ్ళయితే ఇంటిపేరు మారిపోతుంది, పుట్టింటి ఆచూకీ అక్కడితో ఆగిపోతుంది. బానిసలుగా బతికినవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. 1850, 1860 లెక్కల్లో యజమాని పేరు కింద వాళ్ళ వయసూ, ఆడా మగా, రంగూ రాశారు. పేర్లు దాదాపు ఎక్కడా లేవు. వాళ్ళందరి పేర్లూ మొదటిసారి ఎక్కింది 1870లో. అంతకు ముందుకి వెళ్ళాలంటే యజమాని వీలునామాలూ, ఆస్తి జాబితాలూ వెతకాలి. మా గదిలో ఒక నల్లజాతి పెద్దావిడ తన ముత్తవ్వ తల్లి పేరు అలాగే పట్టుకుంది. గుర్రాలకీ మంచాలకీ మధ్యన ఉందట ఆ పేరు, పక్కన ధర వేసి. కాపీ తీయించి దాచుకుంది.

"భూమి కాగితాలు చూడు, ఆడవాళ్ళు అక్కడ దొరుకుతారు" అని నాకు చెప్పింది కూడా ఆవిడే. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో భర్త భూమి అమ్మితే, అందులో తన హక్కు వదులుకుంటున్నట్టు భార్య కూడా ఒప్పుకోవాల్సి వచ్చేది. కాబట్టి ఇంకెక్కడా లేని ఆమె పేరు కౌంటీ దస్తావేజుల పుస్తకంలో ఉంటుంది.

ఆ మాట విన్నాక మన సంగతి ఆలోచించాను. మన జనాభా లెక్కల కాగితాలు 72 ఏళ్ళు కాదు కదా, ఎన్నేళ్ళయినా చూడనివ్వరు. 1948 నాటి సెన్సస్ చట్టంలోనే ఆ మాట ఉంది. గోత్రాలూ ఇంటిపేర్లూ చూస్తే అన్నీ మగవాళ్ళ వైపువే. అందుకని మా చిన్నమ్మమ్మకి ఫోన్ చేశాను. ఆవిడకి 86 ఏళ్ళు, తెనాలిలో ఉంటుంది. వాళ్ళమ్మ పేరు చెప్పింది. వాళ్ళ అమ్మమ్మ పేరు అడిగితే కాసేపు ఆగి, "వేమూరామె అనేవాళ్ళు నాన్నా" అంది.

"అది ఊరి పేరు కదా, అసలు పేరు?"

"ఆమెని పేరు పెట్టి ఎవరు పిలిచారు గనక?"

కోడళ్ళని పుట్టిన ఊరి పేరుతో పిలవడం మన వైపు అందరికీ తెలిసిందే. పోయింది అసలు పేరు, మిగిలింది పుట్టిల్లు. అమెరికాలో ఆడవాళ్ళ విషయంలో దీనికి సరిగ్గా తలకిందులు! చిన్నమ్మమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్ళు ఆమెకి రెండెకరాలిచ్చారట, తర్వాత ఎప్పుడో అమ్మేశారట.

పసుపు కుంకుమ భూములు నోటిమాటగా ఇచ్చినవి బోలెడు. కానీ అమ్మినప్పుడు రిజిస్ట్రీ చేయించి ఉంటే, భూమి ఆమెది కాబట్టి సంతకమో వేలిముద్రో ఆమెదే అయ్యుండాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఒకటో నంబరు పుస్తకంలో ఎక్కుతాయి. దానికి రాసిచ్చినవాళ్ళ, రాయించుకున్నవాళ్ళ పేర్లతో ఇండెక్సు ఉంటుంది. ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు. కౌంటీ ఆఫీసుల్లో ఉండే ఇండెక్సు కూడా ఇలాంటిదే. ఆమె పేరు తెలియకపోయినా, ఆమె భర్త పేరు మాకు తెలుసు. "ఫలానావారి భార్య" అని రాసే అలవాటు ఈ ఒక్కసారికీ పనికొచ్చేట్టుంది.

అప్పట్లో వేమూరు ఏ ఆఫీసు కిందకి వచ్చేదో మా బావ కనుక్కుంటున్నాడు. ఈలోగా ఆదివారాలు చిన్నమ్మమ్మకి ఫోన్ చేసి, ఆవిడ చెప్పినవన్నీ స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కిస్తున్నాను. పోయిన వారం చెప్పిన పేరు ఈ వారం తడుముకుంటోంది. రిజిస్ట్రారు ఆఫీసు పుస్తకం ఇంకో ఏడాది ఆగినా ఫరవాలేదు, ఆవిడ జ్ఞాపకం ఆగదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి ఊరిపేరావిడ ఒకరుండే ఉంటారు. ఈ వారం ఫోన్లో బాగున్నారా, తిన్నారా అయ్యాక, ఆవిడ అసలు పేరేమిటో అడగండి. చెప్పగానే రాసిపెట్టుకోండి.