రసాయనం వద్దు సరే, రసాయన శాస్త్రం కూడా వద్దా?



పై వీడియోలో జీవామృతం తయారీ చూశారు కదా. 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, 200 లీటర్ల నీళ్లు. మనకి పని తెలుసు. ఆ డ్రమ్ములో అణువుల స్థాయిలో ఏం జరుగుతుందో లెక్కగట్టే వాళ్లు మాత్రం మన పక్కన తక్కువ. ఈరోజు దాని గురించే.

మన మధురవాడలో పిల్లాడు కాస్త చదివితే రుషికొండ ఐటీ కొండ, లేదంటే పరవాడ ఫార్మా. ఈ రెండూ కలిసే చదువు ఒకటుంది, కంప్యూటేషనల్ కెమిస్ట్రీ. పరీక్షనాళికకి బదులు కంప్యూటర్లో అణువుల మధ్య బంధాలు లెక్కగట్టడం. 2013లో రసాయన నోబెల్ కార్‌ప్లస్, లెవిట్, వార్షెల్ అనే ముగ్గురికి ఈ పనికే వచ్చింది.

తెలుగువాళ్లలో జి. నరహరి శాస్త్రి గారున్నారు. హైదరాబాద్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ, తర్వాత ఐఐసీటీ. 2011లో భట్నాగర్ పురస్కారం. 2019లో జోర్హాట్‌లోని నీస్ట్‌కి డైరెక్టరయ్యారు. సిట్రొనెల్లా, నిమ్మగడ్డి లాంటి సుగంధ పంటల రకాల మీద పనిచేసే సంస్థ అది. అణువుల లెక్కలు చేసిన మనిషి పొలం దాకా రాగలడని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మనకేం లాభం అంటారా? గాలిలో 78 శాతం నత్రజనే. దాన్ని విడగొట్టడానికి యూరియా ఫ్యాక్టరీకి 400 డిగ్రీలు దాటిన వేడి, 150 రెట్లకు మించిన పీడనం కావాలి. పెసర వేరు బుడిపెలో ఉండే సూక్ష్మజీవి మామూలు మట్టి వేడిలోనే చేసేస్తుంది. దాని ఎంజైములో 7 ఇనుము, 1 మాలిబ్డినం, 9 గంధకం, 1 కార్బన్ పరమాణువులున్న చిన్న గూడు ఉంది. అది ఎలా పనిచేస్తుందో ఇంకా పూర్తిగా తేలలేదు. తేల్చే పనిలో ఈ లెక్కల వాళ్లే ముందున్నారు.

అసలు విషయం ఇంకోటి. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం, రిలయన్స్ 500 బయోగ్యాస్ ప్లాంట్లకి ఒప్పందం చేసుకున్నాయి. బయోఎనర్జీ పరిశోధకులు గడ్డిలోని లిగ్నిన్‌ని త్వరగా ఎలా విడగొట్టాలా అని చూస్తారు. మనకి అదే లిగ్నిన్ నిదానంగా కుళ్లి హ్యూమస్ కావాలి. అణువు ఒకటే, అవసరాలు రెండు. రేపు ఎవరైనా వచ్చి "మీ గడ్డి ఇచ్చేయండి, డబ్బులిస్తాం" అంటే, ఎంత ఇవ్వొచ్చు, ఆచ్ఛాదనకి ఎంత ఉంచుకోవాలి, ప్లాంటు నుంచి తిరిగొచ్చే స్లర్రీ మట్టికి ఎంత కార్బన్ తెస్తుంది అని అడగాలి. గట్టు మీద నిలబడి "గోమాత ఉంది చాలు" అంటే జవాబు కాదు. అంకె కావాలి. ఆ అంకె కంపెనీ వాళ్ల దగ్గరే ఉంటే బేరం కూడా వాళ్లదే.

అందుకే నా మాట ఇది. మీ ఇంట్లో లెక్కలూ కెమిస్ట్రీ ఇష్టపడే పిల్ల ఉంటే బలవంతంగా సాఫ్ట్‌వేర్‌లోకి తోయకండి. బీఎస్సీ, జామ్ పరీక్ష రాసి ఎమ్మెస్సీ, తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్, పీహెచ్‌డీ. దారి పొడవే, జీతం ఆలస్యమే, నిజం. కానీ పేడ వాసన తెలిసిన పిల్ల ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటే, అడిగే ప్రశ్న మన మట్టిదవుతుంది.

మీరేమంటారో కింద రాయండి.