పాతబస్తీ దేవిడీలకు చట్టరక్షణ కావాలి

హైదరాబాద్‌లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్ల మెట్రో మార్గం కోసం 2025 జనవరిలో దారుల్‌షిఫా, శాలిబండల మధ్య కూల్చివేతలు మొదలయ్యాయి. మెట్రో రావాలి, అందులో వివాదం లేదు. కానీ ఏ గోడ ఏ కాలానిదో తేలకముందే పలుగు పడితే, తరువాత తేల్చడానికి మిగిలేది మట్టే.

1591లో చార్మినార్‌తో మొదలైన ఈ నగరం నాలుగు మినార్లకే పరిమితమైనది కాదు. నవాబులు, దివానులు, పాయెగా అమీర్లు కట్టించిన దేవిడీలు, అంటే పెద్ద కమాను, లోపల నీటి హౌజు ఉన్న ముంగిలి, దాని వెనుక జనానా (అంతఃపురం) గల ప్రాకార భవనాలు, వాటి చుట్టూ పెరిగిన మొహల్లాలే పాతబస్తీ జనావాస చరిత్ర. చార్మినార్‌కు కేంద్ర పురావస్తు శాఖ కాపలా ఉంది, దేవిడీలకు ఎవరున్నారు? సాలార్‌జంగుల దివాన్ దేవిడీలో 1951లో మ్యూజియం వెలిసింది, 1968లో అది కొత్త భవనానికి తరలింది. నేడు ఆ దేవిడీకి గుర్తుగా కమాను నిలిచి ఉండగా, దాని వెనుక బట్టల దుకాణాలు కిక్కిరిసి ఉన్నాయి. నగర ప్రాకారానికి డజనుకు పైగా ఉన్న దర్వాజాలలో పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు రెండే మిగిలాయి.

ఇదంతా కాలం చేసిన పని కాదు, పాలకులు చేసిన పని. వారసత్వ కట్టడాల జాబితాకు ప్రాణమైన 13వ నిబంధనను, అంటే జాబితాలోని భవనాన్ని ముందస్తు అనుమతి లేకుండా కూల్చరాదని, మార్చరాదని శాసించిన జోనింగ్ నియమాన్ని, 2015లో ప్రభుత్వమే తొలగించింది. 2017లో వారసత్వ చట్టం చేశామని చెప్పుకుంటే చాలదు. జాబితాకెక్కని భవనానికి ఆ చట్టం గొడుగు పట్టదు. 2019లో ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేయకపోతే ఆ భవనమూ ఈపాటికి నేలమట్టమై ఉండేది. ప్రతి దేవిడీకీ ఒక కోర్టు కేసు నడపగల స్తోమత ఏ మొహల్లాకుంది?

మరమ్మతు యజమానులకు భారమన్న వాదన సాకు మాత్రమే. ఆస్తిపన్ను మినహాయించవచ్చు, బదిలీ నిర్మాణ హక్కు, అంటే ఇక్కడ వదులుకున్న అంతస్తులను మరోచోట కట్టుకునే లేదా అమ్ముకునే హక్కు, ఇవ్వవచ్చు. మరమ్మతు సాధ్యమేననడానికి నిదర్శనమూ ఉంది: డంగు సున్నంతో బాగుచేసిన చౌమహల్లా ప్యాలెస్‌కు 2010లో యునెస్కో పురస్కారం దక్కింది.

మెట్రో దారి పొడవునా ప్రతి పాత భవనాన్నీ కొలిచి, ఫొటోలతో నమోదు చేసి, జాబితాను ఉర్దూ, తెలుగు భాషల్లో వార్డు కార్యాలయాల్లో అంటించాలి; అభ్యంతరాలు విన్న తరువాతే కూల్చివేత జరగాలి. 13వ నిబంధన ఇచ్చిన రక్షణను చట్టంలోకి తిరిగి తేవాలి. ఈ కోర్కెలతో కూడిన వినతిపత్రంపై ప్రతి ఇంటివారూ సంతకం చేసి, తమ కార్పొరేటర్‌కు, శాసనసభ్యునికి స్వయంగా అందించాలని విజ్ఞప్తి.