పందెం పావు మైలు, తిరుగు ప్రయాణం వాన రోడ్డు: ఒకే కారుకు ఏ టైర్లు?

దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీలో కారున్న ఓ కుర్రాడికి డ్రాగ్ రేసు మీద మోజు పుట్టిందనుకుందాం. అతనుండే దీవిలో ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తడిపే నేల కావడంతో మే నుంచి డిసెంబరు దాకా రోడ్డు పొడిగా ఉండే రోజులు తక్కువ. డ్రాగ్ స్ట్రిప్ దీవుల్లో లేదు. చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరు ట్రాక్‌కు వెళ్లాలంటే దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటాలి. అయినా అతని మొదటి ప్రశ్న హైదరాబాద్, విశాఖ కుర్రాళ్లు అడిగేదే: రోజూ తిరగడానికీ, అప్పుడప్పుడు పందెంలో దూకించడానికీ పనికొచ్చే టైరు ఏది?

అండమాన్‌తో తెలుగువారికి ఉన్న బంధం చిన్నది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో చాలామంది మూలాలు ఉత్తరాంధ్రలో ఉన్నాయి. అక్కడి వాన రోడ్డు ఈ ప్రశ్నకు గట్టి పరీక్ష. ఎండాకాలం హైదరాబాద్‌లో బయటపడని లోపం అక్కడ మొదటి జల్లుకే బయటపడుతుంది. స్ట్రిప్ మీద అర సెకను మిగిల్చే టైరే ఇంటికి వచ్చే దారిలో కారును అదుపు తప్పించగలదు. కాబట్టి ఎంపిక రోడ్డుతో మొదలై పందెంతో ముగియాలి. మన దగ్గర చాలామంది దాన్ని తిరగేసి చేస్తున్నారు.

స్ట్రిప్‌కు కావలసింది

డ్రాగ్ రేసు దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. మలుపులు ఉండవు, నిలబడ్డ కారు నిలబడ్డట్టే దూకాలి. ఫలితం చాలావరకు మొదటి 60 అడుగుల్లోనే తేలిపోతుంది. ఇంజిన్ ఎంత శక్తి ఇచ్చినా చక్రం జారి తిరిగితే అదంతా పొగగా మారుతుంది. అందుకే డ్రాగ్ టైరులో మూడు లక్షణాలు చూస్తారు. రబ్బరు మెత్తగా, వేడెక్కితే అంటుకునేలా ఉండాలి. నేలను తాకే భాగంలో గాడులు వీలైనంత తక్కువగా ఉండాలి. సైడ్‌వాల్ సులువుగా నలిగి, దూకే క్షణంలో టైరు నేల మీద మరింత పరుచుకోవాలి. గాలి తగ్గించడం కూడా ఇందుకోసమే. మామూలు కారు టైర్లలో 32 పీఎస్ఐ దాకా గాలి ఉంటే, డ్రాగ్ రేడియల్‌లో దాన్ని 20 కంటే తక్కువకు దింపడం మామూలే. పందానికి ముందు బర్నౌట్ పేరుతో చక్రాన్ని నిలబడ్డచోటే తిప్పేది రబ్బరును వేడి చేయడానికీ, అంటిన దుమ్మును వదిలించడానికీ. స్ట్రిప్ ఉపరితలానికి కూడా జిగురు రసాయనాలు పూసి సిద్ధం చేస్తారు. ఆ పూత ఉన్న చోట పనిచేసే టైరు అది లేని మునిసిపల్ రోడ్డు మీద అంత గొప్పగా పనిచేస్తుందనుకోవడం పొరపాటు.

వాన రోడ్డుకు కావలసింది

తడి రోడ్డు మీద టైరుకున్న మొదటి పని నీటిని పక్కకు తోయడం. గాడులు చేసేది అదే. అవి తగినంత నీటిని పంపలేకపోతే టైరుకూ రోడ్డుకూ మధ్య నీటి పొర చేరి కారు తేలిపోతుంది. దాన్నే ఆక్వాప్లేనింగ్ అంటారు. ఆ స్థితిలో స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా కారు మాట వినదు.

ఇందులో గాలి పాత్ర ఎంతో చెప్పే లెక్క ఒకటుంది. 1960ల్లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా విమాన టైర్లపై చేసిన పరిశోధనలో తేలిన సూత్రం ప్రకారం, నీరు నిలిచిన చోట టైరు తేలిపోయే వేగం గాలి పీడనపు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 32 పీఎస్ఐ దగ్గర అది గంటకు సుమారు 94 కిలోమీటర్లు. 18 పీఎస్ఐకి దించితే సుమారు 70 కిలోమీటర్లు. కారు టైర్లలో గాడుల లోతు, వెడల్పు, నీటి మందాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి గానీ దిశ మారదు. గాలి తగ్గితే ప్రమాదం తక్కువ వేగానికే ఎదురవుతుంది. పందెం అయ్యాక గాలి నింపకుండా ఇంటిదారి పట్టినవాడు, ట్రెడ్ తక్కువ, గాలి తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న టైర్లతో వానలోకి వెళుతున్నాడన్నమాట.

బజారులో ఉన్న దారులు

రెండు పనులూ చేయాలనుకునే కారుకు స్థూలంగా నాలుగు రకాల టైర్లున్నాయి. మొదటిది మామూలు రోడ్డు టైరు. ఇది ఎక్కువ కాలం మన్నుతుంది, వానకు పనికొస్తుంది, దూకేటప్పుడు జారుతుంది. రెండోది పెర్ఫార్మెన్స్ రోడ్డు టైరు. మెత్తటి రబ్బరు, గట్టి సైడ్‌వాల్, వాననీటికి సరిపడా గాడులు దీని లక్షణాలు. మూడోది డ్రాగ్ రేడియల్. పేరుకు రోడ్డు మీద నడపగలిగేదే అయినా గాడులు నామమాత్రం. నాలుగోది స్లిక్. గాడులే ఉండవు, స్ట్రిప్ దాటి బయటికి రాకూడదు.

అమెరికా బజారు కోసం తయారైన టైర్ల మీద ట్రెడ్‌వేర్ అనే అంకె ఉంటుంది. ప్రామాణిక టైరును 100గా తీసుకుని దానితో పోల్చి అరుగుదలను చెప్పే అంకె ఇది. మామూలు టైర్లకు 300, 400 దాటి ఉంటుంది. రోడ్డు, ట్రాక్ రెండింటికీ వాడే మెత్తటి రకాల్లో 200 బాగా కనిపిస్తుంది. పోటీ టైర్లకు 100, అంతకంటే తక్కువ కూడా ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ పట్టు పెరుగుతుందని స్థూలంగా అనుకోవచ్చు గానీ, దాన్ని నిర్ణయించేది తయారీ సంస్థే కాబట్టి ఒక కంపెనీ 200ను మరో కంపెనీ 200తో నేరుగా పోల్చలేం. పైగా ఆ అంకె తడి పట్టు గురించి ఏమీ చెప్పదు.

ఒకే టైరుతో రెండు పనులు చేయించాలంటే పట్టులో కొంత వదులుకోక తప్పదు. దీనికి హైదరాబాదీలు కళ్లారా చూసిన ఉదాహరణే ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన జరిగిన ఫార్ములా-ఈ రేసులో కార్లన్నీ హాంకూక్ తయారుచేసిన ఒకే రకం టైర్లతో పరుగెత్తాయి. పొడికీ, వానకూ అదే టైరు. మార్చాల్సిన అవసరం లేకపోవడం ఆ పోటీకి కలిసొచ్చింది. గాడుల్లేని స్లిక్‌లు పొడి ట్రాక్‌పై ఇచ్చేంత పట్టు మాత్రం దానికి లేదు. కోట్లు ఖర్చుపెట్టే పోటీకే రెండు చేతులా లడ్డూ దొరకనప్పుడు వీధి చివరి టైర్ల దుకాణంలో దొరుకుతుందా?

ముందు చక్రాలతో నడిచే కారు

అమెరికా డ్రాగ్ కార్ల వీడియోలు చూసి వెనక వెడల్పాటి టైర్లు బిగించేవారు ఒక సంగతి మరిచిపోతున్నారు. మన రోడ్ల మీది చిన్న కార్లలో, సెడాన్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవే. కారు దూకగానే బరువు వెనక్కి జరుగుతుంది. వెనక చక్రాలతో నడిచే కారుకు అది మేలు. ముందు చక్రాల కారుకు మాత్రం, పట్టు కావలసిన చోటే బరువు తేలికవుతుంది. వెనక ఎంత ఖరీదైన టైరు వేసినా దూకుడులో తేడా రాదు.

పోనీ ముందు చక్రాలకే డ్రాగ్ రేడియల్ వేద్దామంటే, స్టీరింగు తిరిగేదీ, బ్రేకు భారం ఎక్కువగా పడేదీ ఆ చక్రాల మీదే. వానలో మొదట తేలిపోయేవీ అవే అవుతాయి. ఒకే ఇరుసుకు రెండు రకాల టైర్లు, లేదా రేడియల్‌తో పాటు బయాస్ టైరు కలిపి వేయడం ఇంకా ప్రమాదం.

సైజు మార్పుతో వచ్చే చిక్కు మరోటి. 185/65 ఆర్15 టైరు వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు. దాని బదులు 195/50 ఆర్15 వేస్తే 576కి తగ్గుతుంది. గేరు ఏడు శాతం పొట్టిదైనట్టు కారు చురుగ్గా దూకుతుంది. కానీ స్పీడోమీటరు 100 చూపినప్పుడు అసలు వేగం 93 దగ్గరే ఉంటుంది. కారు కిందిభాగం నేలకు రెండు సెంటీమీటర్లకు పైగా దగ్గరవుతుంది. గుంతల రోడ్డు మీద రిమ్ముకూ దెబ్బే. సైజు పక్కనే ఉండే 88హెచ్ లాంటి గుర్తును కూడా చూడాలి. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదని, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకోగలదని అర్థం. కంపెనీ ఇచ్చినదానికంటే ఈ రెండూ తగ్గకూడదు.

చట్టం చూసేది, చూడనిది

మన దేశంలో అమ్మే కారు టైరుకు బీఐఎస్ గుర్తు తప్పనిసరి. అమెరికాలో రోడ్డుకు అనుమతి ఉన్నంత మాత్రాన ఇక్కడా ఉన్నట్టు కాదు. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో చేర్చి లైసెన్సు తప్పనిసరి చేసింది. కార్ల టైర్లకు కనీసం 1.6 మిల్లీమీటర్ల ట్రెడ్ లోతు ఉండాలన్నది మోటారు వాహనాల నిబంధన. కొన్నప్పుడే తక్కువ ట్రెడ్‌తో వచ్చే పందెం టైరు ఆ గీతకు ఎంతో దూరంలో ఉండదు.

తడి పట్టు, శబ్దం, దొర్లే నిరోధం మీద ఏఐఎస్-142 ప్రమాణం 2022 అక్టోబరు నుంచి కొత్త డిజైన్లకు వర్తించింది. ఇది మంచి అడుగే. అయితే అది కనీస స్థాయి దాటిందా లేదా అన్నదే చూస్తుంది. యూరప్‌లో 2012 నుంచి తడి పట్టు ఎంతో అక్షరం రూపంలో కొనేవాడి కంటికి కనిపించేలా లేబుల్ ఉంటోంది. ఏడాదిలో సగానికి పైగా తడిసే చౌల్దారీలాంటి చోట కొనేవారికి మైలేజీ నక్షత్రాల కంటే ఆ ఒక్క అక్షరమే ఎక్కువ అవసరం.

ఇక పందెం సంగతి. రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో వాహనాల రేసు నిర్వహించనిచ్చినా, పాల్గొన్నా మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికి మూడు నెలల దాకా జైలు లేదా 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది దాకా జైలు, 10 వేల దాకా జరిమానా. వ్యక్తిగత కారు బీమా పాలసీల్లో రేసింగు, వేగ పరీక్షలకు వాడితే రక్షణ వర్తించదనే షరతు మామూలుగా ఉంటుంది. చాలామంది చదవని పేజీ అది.

స్ట్రిప్ ఎక్కడుంది?

సదాశివపేటలో ఎంఆర్ఎఫ్, తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో పెద్ద ఎత్తున టైర్లు తయారుచేస్తున్నాయి. అవి తయారయ్యే తెలుగు రాష్ట్రాల్లో ఔత్సాహికులు టికెట్టు కొని నడుపుకోగల పేరున్న శాశ్వత డ్రాగ్ స్ట్రిప్ మాత్రం లేదు. దాంతో హైదరాబాద్ ఐటీ కారిడార్ రోడ్లు, ఔటర్ రింగ్ రోడ్డు అర్ధరాత్రి స్ట్రిప్పులవుతున్నాయి. పోలీసులు కేసులు పెడుతున్నారు, బళ్లు పట్టుకుంటున్నారు. మోజు మాత్రం చావడం లేదు.

అమెరికాలోనూ ఇదే జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాలిఫోర్నియా వీధుల్లో పందేలు పెరిగాయి. 1950లో శాంటా ఆనాలో ఒక విమానాశ్రయ రన్‌వే మీద డబ్బు తీసుకుని పందేలు నడపడం మొదలైంది. మరుసటి ఏడాది వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్ఏను స్థాపించి నిబంధనలు, వాహన తనిఖీ తెచ్చారు. మన దగ్గర కూడా మహారాష్ట్రలోని ఆంబీ వ్యాలీ రన్‌వే మీద డ్రాగ్ పోటీలు జరిగాయి. దొనకొండ, బసంత్‌నగర్ లాంటి పాత రన్‌వేలున్న రాష్ట్రాలకు ఇది ఆలోచించదగ్గ దారి. స్ట్రిప్ ఉంటే టైర్లు అక్కడే మార్చుకోవచ్చు, గాలి అక్కడే నింపుకోవచ్చు, తనిఖీ చేసేవారూ ఉంటారు. స్ట్రిప్ లేనిచోట పందెం టైరు రోజంతా రోడ్డు మీదే తిరుగుతుంది.

మరి ఏది కొనాలి?

నెలకు ఒకటి రెండుసార్లు స్ట్రిప్‌కు వెళ్లే కారుకు తెలివైన ఎంపిక రెండు జతలు. రోడ్డుకు కంపెనీ సైజులో మంచి తడి పట్టున్న నాలుగు టైర్లు, పందానికి నడిచే ఇరుసుకు వేరే రిమ్ములతో రెండు. అవి డిక్కీలో వెళ్లి, డిక్కీలోనే తిరిగి రావాలి. రెండో జతకు డబ్బు లేకపోతే పెర్ఫార్మెన్స్ రోడ్డు టైరుతో సరిపెట్టుకుని పందెంలో కొంత సమయం వదులుకోవాలి. గాలి కొద్దిగా తగ్గించి పరుగెత్తినా, గేటు దాటకముందే తిరిగి నింపాలి. కొనేముందు సైడ్‌వాల్ మీది నాలుగంకెల తేదీ చూడాలి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. సరుకంతా ఓడలోనో విమానంలోనో దిగే దీవుల్లో ఇది మరీ ముఖ్యం.

చౌల్దారీ కుర్రాడికైతే జవాబు ఇంకా సులువు. స్ట్రిప్ సముద్రం అవతల ఉంది, వాన మాత్రం గుమ్మం ముందే ఉంది. అతను కొనాల్సింది వాన టైరే. పందెం టైరు పందెం జరిగే ఊళ్లో అద్దెకో, అరువుకో దొరికితే చాలు.