గృహనిర్వాహము: కంప్యూటరు ప్రతిబింబమును పదిలపఱచుట

ఊఱగాయ జాడీని ఎట్లు కాపాడవలెనో మన సోదరీమణులకు ఒకరు నేర్పనక్కఱలేదు. తడిచేయి తగులనీయరాదనియు, వాసెన బిగువుగా కట్టవలెననియు, ఒక జాడీ చెడినను వేఱొకటి మిగులునట్లు రెండింట పెట్టవలెననియు ప్రతి యిల్లాలును ఎఱుగును. ఆ యిల్లాలే తన కంప్యూటరులో ఇంటి లెక్కలను, బిడ్డల ఛాయాపటములను, బ్యాంకి కాగితములను దాచుకొనునపుడు మాత్రము అందులో పదవ వంతు జాగ్రత్తయైనను చూపుట లేదు. ఈ విషయమున మేమును నిర్దోషులము కాము. కావున ముందుగా మాకు తగిలిన దెబ్బను చెప్పి, పిమ్మట దానినుండి నేర్చినదానిని విన్నవింతుము.

మా తల్లిగారు తమ కడపటి రెండేండ్లలో పెండ్లిపాటలను, మంగళహారతులను, ఆవకాయ పాళ్లను చెప్పుచుండగా మేము ఫోనులో పట్టి కంప్యూటరులోనికి చేర్చితిమి. ఆమె గతించిన పిదప ఆ కంఠస్వరము ఆ పెట్టెలో తప్ప మఱెచ్చటను లేకపోయెను. ఆ సంగతి తెలిసియే పెట్టె మొత్తమునకు ప్రతిబింబము తీసి, విడి హార్డుడిస్కులో నుంచితిమి. ఇంతవఱకు బుద్ధిమంతుల పనియే. తరువాత సంక్రాంతికి ఇల్లు సర్దుచు ఆ డిస్కును గూడ సర్దితిమి. ప్రతిబింబమున్న ఫోల్డరునకు యంత్రము పెట్టిన పేరు మాకు నచ్చలేదు. దానికి "అమ్మ కంప్యూటరు" అని పేరు మార్చి, "పాతవి" అను మఱియొక ఫోల్డరులోనికి త్రోసి, చక్కగా సర్దితిమని సంతోషించితిమి.

నాలుగు నెలలకు కంప్యూటరు లేవలేదు. డిస్కు తగిలించి, ప్రతిబింబమునుండి మఱల నెక్కింపుమని కోరగా, ప్రతిబింబమేదియు కానరాలేదని తెరమీద వచ్చెను. మరమ్మతు దుకాణపు కుఱ్ఱవాడు "అంతా తుడిచి క్రొత్తగా ఎక్కించేస్తానమ్మా" అనెను. అమ్మ స్వరము ఎట్లును పోయినదని తలచి, మేమును సరే యనబోయితిమి. ఆ సాయంకాలము మా మేనల్లుడు వచ్చి, డిస్కును తన కంప్యూటరునకు తగిలించి చూచి, "అత్తయ్యా, దీని పేరు మార్చినదెవరు? చోటు మార్చినదెవరు?" అని అడిగెను. వాడు పాత పేరు తిరిగి పెట్టి, ఫోల్డరును బయటికి తెచ్చి యుంచిన క్షణమున యంత్రము దానిని గుర్తించెను. గంటన్నరలో అమ్మ పాట వినబడెను. సర్దు గుణము మంచిదే కాని, తెలియనిదానిని సర్దరాదని ఆనాడు తెలిసినది.

ప్రతిబింబమనగా నేమి? ఛాయాపటములను, ఉత్తరములను మాత్రము ఎత్తి మఱియొకచోట పెట్టుట సామాను మూట కట్టుట వంటిది. ప్రతిబింబమట్లు కాదు. విండోస్, అందులో ఎక్కించిన పనిముట్లు, వాని అమరికలు, మన కాగితములు అన్నియు ఉన్నవి ఉన్నట్లుగా ఇల్లిల్లంతయు అచ్చుపోసి దాచుట అది. పెట్టె పాడైనపుడు ఒక్కొక్క వస్తువును వెదకి తెచ్చుకొను శ్రమ లేకుండ, నాటి స్థితి నాటిదిగా తిరిగివచ్చును.

విండోస్ కంట్రోల్ ప్యానెలులో "బ్యాకప్ అండ్ రిస్టోర్ (విండోస్ 7)" అనుచోట ఇందులకు ఉపకరణము కలదు. దీనిని ఇకమీదట అభివృద్ధి చేయబోమని మైక్రోసాఫ్టు వారు 2017లోనే ప్రకటించి, ఇతరుల ఉపకరణములను వాడుకొమ్మని సలహా యిచ్చిరి. అయినను విండోస్ 11లోను అది యున్నది. అనేక గృహములలో దానితో తీసిన ప్రతిబింబములే యున్నవి. కావున ఇచ్చట దానిని గూర్చియే చెప్పుచున్నాము. ఇతర ఉపకరణముల వారు పేర్ల విషయమున తమ తమ నియమములు పెట్టుకొందురు. భద్రపఱచు పద్ధతులు మాత్రము అన్నిటికిని ఒక్కటే.

ఈ ఉపకరణము ప్రతిబింబమును "విండోస్‌ఇమేజ్‌బ్యాకప్" అను ఫోల్డరులో నుంచును. మూడు మాటలును ఎడము లేక కలిసియుండును. లోపల మీ కంప్యూటరు పేరుతో మఱియొక ఫోల్డరును, అందులో తేదీతో కూడిన ఫోల్డరును, జాబితా ఫైళ్లును ఉండును. వీనిలో పెద్ద ఫైలు ఒకటియే ముఖ్యమనుకొని తక్కినవానిని చెత్తయని తీసివేయరాదు. మూతలేని జాడీ ఎట్టిదో జాబితా లేని ప్రతిబింబము నట్టిదే.

మఱల నెక్కించు వేళ యంత్రము ఈ ఫోల్డరును డిస్కు తెఱచిన వెంటనే కనబడు మొదటి వాకిటనే వెదకును, లోగదులలోనికి పోదు. కావున దానిని వేఱొక డిస్కునకు చేర్చినపుడు అచ్చటను మొదటి వాకిటనే, అదే పేరుతో నుంచవలెను. ఒకే డిస్కులో పాత ప్రతిబింబమును, క్రొత్తదానిని ఉంచుకొనగోరువారు పాతదాని పేరు చివర తేదీ చేర్చి ప్రక్కన పెట్టవచ్చును; పైదాని పేరు తప్ప లోపలి పేర్లు ముట్టరాదు. ఆ పాతదే కావలసి వచ్చిననాడు తేదీ తీసివేసి అసలు పేరు తిరిగి పెట్టవలెను. ఈ సంగతిని కాగితముమీద వ్రాసి డిస్కునకు చుట్టియుంచిన మేలు. మనకు జ్ఞాపకముండును గాని, ఆపత్కాలమున ఆ పని చేయువారు మన బిడ్డలు కావచ్చును గదా!

ఇక కదల్చు పద్ధతి. మొదటి నియమము: కదల్పకుడు, నకలు తీయుడు. నడుమ కరెంటు పోయినను, తీగ యూడినను అసలు చెడకుండవలెనన్న ముందు నకలు తీసి, సరిచూచి, ఆ పిమ్మటనే పాతదానిని తీసివేయవలెను. రెండవది: నకలు చేరు డిస్కు ఎన్‌టీయఫ్‌యస్ అను పద్ధతిని సిద్ధపఱచినదై యుండవలెను. ఫ్యాట్32 పద్ధతి డిస్కులో ఒక్కొక్క ఫైలు 4 జీబీ మించరాదు. ప్రతిబింబపు ఫైలు పదులకొలది జీబీ యుండును. పెద్ద గంగాళమును చిన్న కిటికీనుండి దాటింపజూచినట్లు మధ్యలో ఆగిపోవును. అట్లని నిండియున్న డిస్కు పద్ధతిని మార్చబోయిన అందులోనివన్నియు చెఱిగిపోవచ్చును గనుక ఖాళీ డిస్కునే ఎంచుకొనవలెను. మూడవది: తొందర పనికిరాదు. 100 జీబీ ప్రతిబింబము పాత యూయస్‌బీ 2 దారిని ముప్పావుగంట, అంతకు పైగా పట్టును. యూయస్‌బీ 3 దారిని సాధారణ డిస్కునకు ఇరువది నిముషములు కావచ్చును. ఆ వేళ ల్యాప్‌టాపు నిద్రపోకుండ చార్జరు తగిలించి, అన్నము వార్చుకొని రావచ్చును. పని ముగియగానే తీగ లాగక, డిస్కును విడుదల చేయుమని యంత్రమునకు చెప్పి, అది సమ్మతించిన పిదపనే తీయవలెను.

నకలు సరిగా వచ్చినదో లేదో చూచుట ఎట్లు? రెండు ఫోల్డరుల పరిమాణమును, ఫైళ్ల సంఖ్యను ప్రోపర్టీసులో చూచి సరిపోల్చుడు. ఒకప్పుడు పరిమాణము సున్న యని చూపును, భయపడరాదు. ఆ ఫోల్డరును చూచుటకు యంత్రము మీ అనుమతి నడుగుచున్నదని దాని భావము. ఒకమాఱు దానిని తెఱచి, అనుమతిచ్చి, మఱల చూడవలెను. ఇంతకంటె గట్టి పరీక్ష ఇంకొకటి కలదు. విండోసులోని సర్టుటిల్ అను ఉపకరణము ప్రతి ఫైలునకును 64 అక్షరాంకముల ముద్ర నొకదానిని లెక్కగట్టి చూపును. ఫైలులో ఒక్క బిందువు మాఱినను ఆ ముద్ర పూర్తిగా మాఱును. అసలు ముద్రయు, నకలు ముద్రయు ఒక్కటియైన యెడల నిశ్చింతగా నుండవచ్చును. ఇంటిలో చదువుకొను పిల్లల కప్పగించిన, వారు దీనిని ఉత్సాహముతో చేయుదురు.

డిస్కును ఎచ్చట నుంచవలెను? వంటింట వలదు, వేడియు, ఆవిరియు దానికి విరోధులు. దేవుని గూటిలోను వలదు. దీపపు మసి చేరును. బీరువాలో బట్టల నడుమ, తేమ పీల్చు చిన్న పొట్లముతో డబ్బాలో నుంచుట మేలు. హార్డుడిస్కు లోపల పలకలు గిఱ్ఱున తిరుగుచుండగా చదువు సూది వెండ్రుకవాసికంటె ఎన్నోరెట్లు తక్కువ యెడముతో పైన తేలుచుండును. కావున పనిచేయుచుండగా దానిని కదలింపరాదు, ఎన్నడును క్రింద పడవేయరాదు. చిప్పులతో చేసిన యస్‌యస్‌డీ డిస్కులు దెబ్బకు ఓర్చును గాని, అవి విద్యుదావేశముతో జ్ఞాపకము నిలుపుకొనునవి. ఏండ్ల తరబడి తగిలింపక పెట్టెలో నుంచిన ఆ యావేశము మెల్లగా జారిపోవచ్చును. ఏదియైనను ఆఱు మాసములకొకమాఱు తగిలించి చూచుకొనుట, పచ్చళ్లను ఎండలో పెట్టుట వంటి అలవాటు కావలెను.

మఱియొక హెచ్చరిక. మీ కంప్యూటరునకు బిట్‌లాకరు తాళ మున్నను ఈ ఉపకరణముతో తీసిన ప్రతిబింబమునకు ఆ తాళము రాదు. డిస్కు ఎవరి చేతిలో పడిన వారు మీ బ్యాంకి కాగితములను, ఆధారు ప్రతులను చదువగలరు. దానిని చెక్కుబుక్కు వలె తాళము వేసి దాచవలెను. లేదా డిస్కునకే తాళము పెట్టవలెను. బిట్‌లాకరు తాళము పోయిననాడు తెఱచుటకు 48 అంకెల సంఖ్య యుండును. దానిని అదే కంప్యూటరులో దాచుట తాళపుచెవిని పెట్టెలోపల పెట్టి తాళము వేయుట యగును. కాగితముమీద వ్రాసి ఇంటి దస్తావేజులతో నుంచుడు.

ఒక్క నకలు చాలునా? చాలదు. 1998లో అమెరికాలోని పిక్సారు సంస్థవారు "టాయ్ స్టోరీ 2" అను బొమ్మల చిత్రమును తీయుచుండగా, ఎవరో పొరబాటున నిచ్చిన ఆజ్ఞవలన దానిలో అధికభాగము తుడిచిపెట్టుకొనిపోయెను. భద్రముగా నున్నవనుకొన్న నకళ్లు సరిగా పనిచేయుట లేదని అప్పుడుగాని తెలియలేదు. ఆ చిత్రపు సాంకేతిక పర్యవేక్షకురాలగు గాలిన్ సుస్మన్ అప్పటికి కొలది కాలము క్రిందట బిడ్డను కని, ఇంటనుండి పని చేసికొనుటకై తన కంప్యూటరులో చిత్రపు నకలు నుంచుకొనియుండెను. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి పసిబిడ్డవలె కారులో కార్యాలయమునకు చేర్చిరి. చిత్రము బ్రతికెను, 1999లో విడుదలయ్యెను. ఒక బాలెంతరాలి యింట ఒక నకలుండుటచే అందఱి శ్రమయు దక్కినది. ఆ దక్కుట అదృష్టము. మనము అదృష్టమును నమ్ముకొనరాదు.

ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ ప్రచారములోనికి తెచ్చిన సూత్రమొకటి అందఱికిని పనికివచ్చును: మూడు ప్రతులు, రెండు విధములగు సాధనములు, ఒకటి ఇంటివెలుపల. కంప్యూటరులోనిది ఒకటి, బీరువాలోని డిస్కు రెండవది, పుట్టినింటనో అక్కచెల్లెండ్ర యింటనో దాచినది మూడవది. దొంగలు పడినను, వరద వచ్చినను రెండిండ్లు ఒక్కమాఱే చెడుట అరుదు. నకలు తీసిన వెంటనే డిస్కును ఊడదీయుటయు ముఖ్యమే. 2017 మే నెలలో వన్నాక్రై అను దుష్టపు ప్రోగ్రాము ప్రపంచమంతట కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి డబ్బడిగినపుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కార్యాలయములలోని కొన్ని కంప్యూటర్లును దాని పాలైనవి. అట్టివి తగిలించియున్న డిస్కునుగూడ విడువవు; బీరువాలోనిదానిని చేరజాలవు.

తిరిగి ఎక్కించువేళ రెండు సంగతులు మఱవరాదు. ఎక్కించినంతనే ఆ డిస్కులోని నేటి సమస్తమును చెఱిగి, ప్రతిబింబము తీసిననాటి స్థితియే నిలుచును. నడుమ చేర్చినవానిని ముందుగా వేఱుగా తీసికొనవలెను. క్రొత్త డిస్కులోనికి ఎక్కించునపుడు అది పాతదానికంటె చిన్నదై యుండరాదు. కంప్యూటరు బొత్తిగా లేవనిచో దానిని లేపుటకు రికవరీ పెన్ డ్రైవు కావలయును. అది కంప్యూటరు చక్కగా నున్ననాడే చేసికొని డిస్కుతోపాటు ఉంచుకొనవలసినది. ఒకటి రెండు ఫైళ్లు మాత్రమే కావలసినవారు మొత్తమును ఎక్కింప నక్కఱలేదు. ప్రతిబింబములోని పెద్ద ఫైలును, అనగా వీహెచ్‌డీయక్స్ అను తోక గలదానిని, డిస్క్ మేనేజ్‌మెంటులో చదువుటకు మాత్రమే అనుమతించి తగిలించిన, అది మఱియొక డిస్కువలె తెఱచుకొనును. ఈ సంగతి ఆనాడు మాకు తెలిసియుండిన అంత కంట తడి పెట్టియుండము.

ఇప్పుడు అమ్మ పాటలు ప్రతిబింబములోనే గాక విడిగాను నకలు తీయబడి, ఒకటి మాయింట, ఒకటి మా చెల్లెలియింట, ఒకటి మేనల్లుని వద్ద నున్నవి. సోదరీమణులారా, మీ కంప్యూటరులో మఱెచ్చటను లేనిదేదో ఒకటి యుండకపోదు. ఈ ఆదివారము దానిని జ్ఞాపకము చేసికొని నకలు తీయుడు. తీసినదానిని ఒకమాఱు తెఱచి చూడుడు. తెఱచి చూడని నకలు, రుచి చూడని వంట వంటిది.