ఆపేస్తే ఆగినట్టేనా?

మన భాషలో ఆపడానికి ఎన్ని మాటలో! లైటు తీసేస్తాం, కుళాయి కట్టేస్తాం, పొయ్యి ఆర్పేస్తాం. దేవుడి ముందు దీపమైతే కొండెక్కుతుంది. అదే ఆఫీసుకి వెళ్తే అన్నిటికీ ఒకటే మాట: ఆఫ్. ఇరవయ్యేళ్ళుగా అమెరికాలో సర్క్యూట్ బోర్డులు గీస్తూ బతుకుతున్నవాణ్ణి, ఆ ఒక్క మాట మీద నాకో ఫిర్యాదుంది.

కంప్యూటరుకి అంకెలే తెలుసు. మోటారుకీ స్పీకరుకీ వోల్టేజీయే తెలుసు. మధ్యలో దుబాసీ పని చేసే చిప్పు పేరు డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్, ముద్దుగా డాక్. పని లేనప్పుడు దాన్ని నిద్రపుచ్చొచ్చు. దాన్నే పవర్‌డౌన్ మోడ్ అంటారు. సరదాకి బోర్డులు చేసుకునేవాళ్ళకి బాగా తెలిసిన ఎమ్‌సీపీ4725 అనే చిన్న డాక్‌నే తీసుకోండి. మెలకువలో సుమారు 210 మైక్రోఆంపులు తాగుతుంది, నిద్రలో 60 నానోఆంపులతో సరిపెట్టుకుంటుంది. అంటే 3500 రెట్లు ఆదా! బ్యాటరీ పరికరానికి ఇంతకన్నా ఏం కావాలి?

చిక్కంతా దాని తరవాతే. నిద్రపోయింది కదా, బయటికి సున్నా వస్తుందిలే అనుకుంటారు చాలామంది. నిజానికి జరిగేది ఇది: లోపలి యాంప్లిఫయర్ ఆగిపోయి, అవుట్‌పుట్ తీగ ఒక రెసిస్టరు ద్వారా గ్రౌండుకి కలుస్తుంది. ఆ రెసిస్టరు 1 కిలోఓమా, 100 కిలోఓములా, 500 కిలోఓములా అన్నది రెండు బిట్లతో మనమే ఎంచుకోవాలి. ఇంకొన్ని చిప్పుల్లో, తీగని దేనికీ కలపకుండా గాల్లో వదిలేసే ఎంపిక కూడా ఉంటుంది.

తీగ అవతలి పక్క 5 వోల్టులకి లాగే 100 కిలోఓముల రెసిస్టరు ఉందనుకోండి. 1 కిలోఓము ఎంచుకుంటే తీగ మీద సుమారు 0.05 వోల్టులుంటాయి. 100 ఎంచుకుంటే 2.5, 500 ఎంచుకుంటే 4 దాటుతుంది. అదే చిప్పు, అదే నిద్ర, మూడు వేర్వేరు ఫలితాలు!

పోనీ, నిజంగా సున్నాయే వచ్చిందనుకుందాం. సున్నా అంటే క్షేమమని ఎవరన్నారు? రెండువైపులా తిరిగే మోటారుకి 2.5 వోల్టులంటే ఆగు, 5 అంటే పూర్తి వేగంతో ముందుకి, 0 అంటే పూర్తి వేగంతో వెనక్కి అని పెట్టుకోవడం మామూలే. అక్కడ డాక్‌ని నిద్రపుచ్చితే మోటారు వెనక్కి పరుగందుకుంటుంది. ఆ సమయంలో దాని దగ్గర ఒక మనిషి చెయ్యి ఉండొచ్చు.

లేపడంలోనూ మెలిక ఉంది. పడుకునే ముందు చేతిలో ఉన్న అంకెని ఈ చిప్పు మరిచిపోదు. కొత్త అంకె ఇవ్వకుండా ఊరికే తట్టి లేపితే, పాత వోల్టేజీనే మళ్ళీ అందుకుంటుంది. గంట కిందట సరైన వేగం ఇప్పుడూ సరైనదేనా?

అంచేత నేననేదేమిటంటే, పవర్‌డౌన్ పుట్టింది బ్యాటరీని కాపాడటానికి. మనుషుల్ని కాపాడే పని దానికి అప్పగించకూడదు. "అదంతా సాఫ్ట్‌వేర్‌లో చూసుకోవచ్చు కదండీ" అంటారు మా కుర్రాళ్ళు. చూసుకోవచ్చు, సాఫ్ట్‌వేర్ నడుస్తున్నంతసేపూ. అదే బిగుసుకుపోయిన రోజున? మోటారుని ఆపడానికి డాక్‌తో సంబంధం లేని దారి ఒకటి విడిగా ఉండి తీరాలి. ఆ నాలుగు డాలర్ల రిలే ఖర్చు దగ్గర బేరాలాడటం నాకు నచ్చదు.

ఇంకొకటి. డిజైను కాగితాల్లో ఎక్కడో చివర 'ఆఫ్' అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకోవడం మానేద్దాం. ఈ చిప్పు పడుకుంటే తీగ మీద ఎన్ని వోల్టులుంటాయి, ఆ వోల్టేజీకి అవతలి యంత్రం ఏం చేస్తుంది? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు మొదటి పేజీలోనే ఉండాలి. జవాబు లేని బోర్డు మీద నేనైతే సంతకం పెట్టను.