ఆ వెయ్యి గజాలు

మా పెద్దనాన్న ఈ జులైలో సియాటిల్ దగ్గర ఒక పడవెక్కి, నాలుగు గంటలు సముద్రంలో తిరిగి, చలికి వణుకుతూ, కోపంగా ఒడ్డుకొచ్చారు. తిమింగలాలు కనిపించలేదని కాదు. కనిపించాయి. దగ్గరికి తీసుకెళ్లలేదని.

ఆయన కూతురు, అంటే మా అక్క, అక్కడ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. పదేళ్ల కింద ఇదే అమీర్‌పేటలో, మైత్రీవనం దగ్గర సందుల్లో కోర్సులు నేర్చుకుని వెళ్లినవాళ్లలో తనూ ఒకతి. అమ్మానాన్నలు మొదటిసారి వచ్చారని అన్నీ చూపిస్తోంది. ఆ లిస్టులో ఈ పడవ ఒకటి. అనకోర్టిస్ అనే ఊర్లో ఎక్కి, శాన్ వాన్ దీవుల మధ్యలో తిరిగి రావాలి. జులై నెల అయినా స్వెటర్లు, మంకీ క్యాపులు. పెద్దమ్మ డబ్బాలో పులిహోర. అక్కడ పొద్దున పది అంటే మనకి రాత్రి పదిన్నర. నేను హాస్టల్ టెర్రస్ మీద కూర్చుని ఉంటే వాట్సాప్‌లో వీడియోలు వస్తూనే ఉన్నాయి.

మొదటి వీడియోలో ఒక హంప్‌బ్యాక్ తిమింగలం. ఫౌంటెన్‌లా ఊపిరి వదిలి, తోక పైకెత్తి, నీళ్లలోకి వెళ్లిపోయింది. పడవలో అందరూ అరుపులు. రెండో వీడియోలో చాలా దూరంగా ఐదారు నల్లటి రెక్కలు, జూమ్ చేస్తే గాని కనిపించనంత చిన్నగా. ఓర్కాలు. అప్పుడే పడవ నెమ్మదిగా వేరే వైపు తిరుగుతోంది. వెనక పెద్దనాన్న గొంతు: "అదేందమ్మా, అక్కడనే ఉన్నయి గదా, అటు పోనియ్యమనరాదు!" మైకులో గైడ్ ఏదో చెప్పింది. తర్వాత అక్క టైప్ చేసింది: "వీటికి వెయ్యి గజాల దూరంలో ఉండాలంట. రూల్."

నిజం చెప్పాలంటే నేనూ పెద్దనాన్న పార్టీయే. అంత డబ్బు కట్టి, అంత చలిలో వెళ్లింది పడవ వెనక్కి తిప్పుకోవడానికా? వెయ్యి గజాలంటే 914 మీటర్లు. అమీర్‌పేట మెట్రో స్టేషన్ దగ్గర మొదలుపెట్టి పంజాగుట్ట వైపు పది పన్నెండు నిమిషాలు నడిస్తే ఎంతో, ఇంచుమించు అంత. అంత దూరం నుంచి ఏం కనిపిస్తుంది?

ఆ రాత్రి అసైన్‌మెంట్ పక్కన పెట్టి రెండు దాకా చదివాను. చదివాక పార్టీ మారాను. ఎందుకు మారానో చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ గుంపుల్ని సదరన్ రెసిడెంట్ ఓర్కాలు అంటారు. ఓర్కాని కిల్లర్ వేల్ అంటారు గానీ అది డాల్ఫిన్ కుటుంబంలో అన్నిటికంటే పెద్దది. జె, కె, ఎల్ అని మూడు గుంపులు. మూడూ కలిపితే 80 కూడా లేవు. మన రెండు సెక్షన్ల అటెండెన్స్ రిజిస్టర్ కంటే చిన్న లిస్టు. ఒక్కోదానికి నంబర్ ఉంది, అమ్మ ఎవరో అమ్మమ్మ ఎవరో రాసి ఉంది. 2005లో అమెరికా వీటిని అంతరించిపోయే ప్రమాదం ఉన్న జీవుల్లో చేర్చింది. 2018లో జె35 అనే తల్లి, పుట్టిన కాసేపటికే చనిపోయిన పిల్లని తల మీద మోస్తూ 17 రోజులు ఈదింది. ఆ ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు.

వీటికి సమస్యలు మూడంటారు సైంటిస్టులు. వీటి ముఖ్యమైన తిండి చినూక్ సాల్మన్ అనే చేప. అది తగ్గిపోయింది. రెండోది నీళ్లలో కలిసిన రసాయనాలు. మూడోది పడవల చప్పుడు.

చప్పుడుకి తిండికి సంబంధం ఏంటి అనుకున్నాను. ఓర్కా వేటాడేది కళ్లతో కంటే చెవులతో. టక్ టక్ అని శబ్దాలు వదిలి, చేపకి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని విని, అది ఎక్కడుందో కనుక్కుంటుంది. ("ఎకో"ని తెలుగులో ఏమంటారని అమ్మకి ఫోన్ చేయాల్సి వచ్చింది. ఇంగ్లీష్ మీడియం బాధలు.) నీళ్లలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంతో వెళ్తుంది, చాలా దూరం పోతుంది. ఇంజిన్ మోతలో ఆ చిన్న ప్రతిధ్వని మునిగిపోతుంది. సిగ్నల్స్ సబ్జెక్టులో మనం చదివిన నాయిసే ఇది. కాకపోతే ఇక్కడ పోయేది మార్కు కాదు, భోజనం.

2021లో వచ్చిన ఒక పరిశోధన ఉంది. ఓర్కాల ఒంటికి చిన్న రికార్డర్లు అతికించి చూశారు. పడవలు సగటున 400 గజాల లోపు ఉన్నప్పుడు అవి చేపల కోసం తక్కువసార్లు మునుగుతున్నాయి. ఆడ ఓర్కాలైతే వేట మానేసే అవకాశం ఎక్కువని తేలింది. పిల్లల్ని కనాల్సింది, పాలివ్వాల్సింది అవే. అందుకే వాషింగ్టన్ రాష్ట్రంలో ఇదివరకు 300 గజాలు ఉన్న దూరాన్ని 2025 జనవరి నుంచి వెయ్యి గజాలు చేశారు. పెద్దనాన్న ఎక్కిన పడవ తిరిగిపోయింది ఇందుకు.

ఇక్కడొక తిరకాసు ఉంది. ఆ పడవల్లో వెళ్లేవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఓర్కాలంటే ప్రేమ ఉన్నవాళ్లే టికెట్ కొంటారు. అసలు 1960లలో, 70లలో అక్కడివాళ్లు వీటి పిల్లల్ని వలేసి పట్టి ఆక్వేరియాలకి అమ్మేవాళ్లు. 1970 ఆగస్టులో పెన్ కోవ్ అనే చోట పట్టిన ఒక పిల్ల యాభై ఏళ్లకు పైగా మయామీలో తొట్టిలోనే ఉండి 2023లో చనిపోయింది. దాని పేరు టోకిటే. షోలలో లోలీటా అని పిలిచేవారు. 1976 తర్వాత ఆ రాష్ట్రంలో పట్టడం ఆగింది. తొట్టిలో చూడటం కంటే సముద్రంలో చూడటం ఎంతో మెరుగు, కాదనను. కానీ తొట్టి నుంచి పడవకి రావడానికి మనిషి ఎలా మారాడో, పడవ నుంచి ఇంకొంచెం దూరం జరగడానికి కూడా అలాగే మారాలి. ప్రేమ ఉంది కాబట్టి దగ్గరికెళ్తాం అనేది మనకి సహజంగా అనిపిస్తుంది. అవతలివైపు నుంచి చూస్తే అది ఇంకో ఇంజిన్ మాత్రమే.

ఇది నాకు అర్థమైంది సియాటిల్ వల్ల కాదు, పంజాగుట్ట వల్ల.

మార్చిలో నాన్నకి ఆపరేషన్ అయింది. పంజాగుట్ట దగ్గర ఒక ఆసుపత్రి, రోడ్డు వైపు గది. నాలుగు రోజులు ఉన్నాడు. నేను సాయంత్రం క్లాసులయ్యాక ఫ్రెండ్ బైక్ తీసుకుని ఇడ్లీ పార్సిల్ పట్టుకెళ్లేవాడిని. అమీర్‌పేట నుంచి ఆ కాస్త దూరానికి ఏడున్నరకి అరగంట. ఇడ్లీ చల్లారిపోతుందని నా కంగారు. సిగ్నల్ పచ్చ పడకముందే హారన్. ముందు ఆటో, దానికి హారన్. ఆసుపత్రి కిందకి వచ్చాక పార్కింగ్ గేటుకి అడ్డంగా ఎవరో కారు పెడితే, బొటనవేలు తీయకుండా కొట్టాను. పైకి వెళ్లేసరికి నాన్న కళ్లు మూసుకుని ఉన్నాడు గానీ నిద్రపోవట్లేదు.

"ఎప్పుడొచ్చినవ్ రా? నీ బండి చప్పుడు వినిపిస్తదేమోనని ఇందాకటి నుంచి చూస్తున్న. ఈ మోతల ఏం తెలుస్తది."

నేనేం మాట్లాడలేదు. ఇడ్లీ డబ్బా తెరిచాను. ఆ మోతలో సగం నాదే అని చెప్పలేకపోయాను. ఆయన కోసమే వచ్చాను, ఆయన కోసమే తొందరపడ్డాను, నా రాక ఆయనకి వినిపించకుండా చేసింది కూడా నేనే. ఓర్కాల గురించి చదువుతున్న రాత్రి ఇంజిన్ మోత దగ్గరికి వచ్చేసరికి నాకు గుర్తొచ్చింది ఆ గది.

వెయ్యి గజాల రూల్ విని పెద్దనాన్న "అమెరికావాళ్ల చాదస్తం" అన్నారు. మన దగ్గర కూడా రూల్ ఉంది. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆసుపత్రులు, స్కూళ్లు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్లు సైలెన్స్ జోన్‌గా ప్రకటించవచ్చు. అక్కడ హారన్ కొట్టకూడదు. పరిమితి పగలు 50 డెసిబెల్స్, రాత్రి 40. డెసిబెల్ అంటే లాగరిథమ్ అని మనకి తెలుసు. 10 పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు. నిమ్స్ ముందు నుంచి రోజూ వెళ్లే మనలో ఎంతమందికి ఈ రూల్ తెలుసు? జిల్లాల నుంచి వచ్చి, లోపల మనిషిని పెట్టుకుని, బయట దుప్పటి పరుచుకున్నవాళ్లు ఆ మోతలోనే పడుకుంటారు. అక్కడ వెయ్యి గజాలు పాటిస్తున్నారు. ఇక్కడ వంద మీటర్లు కూడా పాటించం.

కొందరు అంటారు: పెద్ద పెద్ద ఓడలు తిరుగుతుంటే చిన్న టూరిస్టు పడవని ఆపితే ఏం లాభం? ఆర్టీసీ బస్సులు, అంబులెన్సులు మోగుతుంటే నా ఒక్క బైక్ హారన్ ఎంత? వాదన కరెక్టే. సరుకుల ఓడల చప్పుడు నిజంగా ఎక్కువే. సాల్మన్ చేపలు మళ్లీ పెరగాలంటే ఏళ్లు పడుతుంది, రసాయనాలు పోవడానికి ఇంకా ఎక్కువ. కానీ మూడు సమస్యల్లో చప్పుడు ఒక్కటే వేరు: ఆపిన క్షణంలోనే పోతుంది. శుభ్రం చేయడానికి ఏమీ మిగలదు. అందుకే అది మన చేతిలో ఉంది అంటున్నాను.

ఇంకొకటి అడగొచ్చు: చూడకపోతే ప్రేమ ఎలా పుడుతుంది? చూడొద్దని నేననట్లేదు. శాన్ వాన్ దీవి పడమటి ఒడ్డున లైమ్ కిల్న్ పాయింట్ అనే పార్కు ఉంది. ఓర్కాలు వాటంతట అవే ఒడ్డు దగ్గరగా వెళ్తాయి. రాళ్ల మీద కూర్చుని ఎదురుచూడాలి, అంతే. రాకపోతే రావు. అక్కకి చెప్పాను. పెద్దనాన్న ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్లారు, మూడు గంటలు కూర్చున్నారు, ఏమీ రాలేదు. "డబ్బులైతే పోలేదు" అన్నారు ఫోన్‌లో. అది ఆయన మెచ్చుకోలు.

మనకి అమీర్‌పేటలో కూర్చునే ఒక దారి ఉంది. ఆర్కాసౌండ్ అని ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్. ఆ సముద్రంలో నీటి అడుగున హైడ్రోఫోన్లు పెట్టి, శబ్దాన్ని లైవ్‌గా ఇంటర్నెట్‌లో ఇస్తారు. ఎవరైనా వినొచ్చు. ఓర్కా గొంతుని గుర్తుపట్టే మెషిన్ లెర్నింగ్ కోడ్ కూడా ఉంది. ప్రాజెక్ట్ ఐడియా దొరకట్లేదని ఏడ్చేవాళ్లు గిట్‌హబ్‌లో చూడండి.

నేను వారం రోజులుగా పడుకునే ముందు వింటున్నాను. ఎక్కువసేపు నీళ్ల చప్పుడే. మధ్యలో ఓడ వస్తే పావుగంట పాటు గుర్రుమని ఒకటే మోత, ఇంకేమీ వినపడదు. ఒక్కో గుంపుకి తనదైన యాస ఉంటుందట, పిల్లలు అమ్మల దగ్గర నేర్చుకుంటాయట. నాకు ఇంతవరకు ఒక్క ఓర్కా కూడా వినిపించలేదు. ఓడ వెళ్లిపోయాక మాత్రం హెడ్‌ఫోన్స్ కాస్త గట్టిగా నొక్కుకుంటాను.

నాన్నకి వచ్చే నెల చెకప్. అదే ఆసుపత్రి, అదే రోడ్డు. నేనే తీసుకెళ్తాను. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా బొటనవేలు హారన్ మీద పెట్టకుండా వెళ్లగలనో లేదో ఈ వారం ప్రాక్టీస్ చేస్తున్నాను. నిన్న నాలుగుసార్లు కొట్టాను. మొన్న తొమ్మిది. మీరూ ఒకసారి లెక్కపెట్టుకుని చూడండి.