నేలపట్టు గూడబాతులు, పులికాట్ ముఖద్వారాలు
పక్షుల పండుగలో చెప్పవలసిన మాటలు

(దొరవారిసత్రం విలేకరి)

సూళ్లూరుపేటలో 2001లో మొదలైన ఫ్లెమింగో పండుగ 2020 తర్వాత ఆగిపోయి, 2025 జనవరి 18, 19, 20 తేదీల్లో మళ్లీ జరిగింది. ఊళ్లో పెద్ద వేదిక, స్టాళ్లు, పాటలు, నృత్యాలు ఏర్పాటు చేశారు. నేలపట్టులో పక్షుల సందర్శన, తడ మండలం భీములవారిపాళెంలో పడవ షికారు జరిగాయి. జనానికి కొదవ లేదు. దుకాణాల వారికి నాలుగు రూపాయలు మిగిలాయి కూడా. పండుగ వద్దనేవారు ఈ ప్రాంతంలో ఎవరూ లేరు. అయితే పక్షుల పేరిట జరిగే పండుగలో పక్షుల గురించిన మాట ఎంతసేపు వినిపిస్తున్నదన్నదే ప్రశ్న.

రాత్రి వేదికమీద ఉపన్యాసాలు సాగుతాయి. అవి ఎక్కువగా ఫలానా వారు పండుగను ఘనంగా జరిపిస్తున్నారనే ధోరణిలోనే ఉంటాయి. నేలపట్టుకు వచ్చిన బడిపిల్లలు బురుజెక్కి, దుర్బిణిలో ఒకసారి చూసి దిగిపోతారు. ఎదుట ఉన్నది గూడబాతో, నత్తగుల్ల కొంగో, తెల్లకంకణమో విడమరచి చెప్పేవాడు ప్రతి గుంపుకూ దొరకడు. నిజానికి చెప్పవలసిన కథ ఆ చెరువు కట్టమీదే ఉంది.

నేలపట్టు అభయారణ్యం 458 హెక్టార్ల పైచిలుకు. 1976లో ప్రకటించారు. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండితే అక్టోబరు నుంచి పక్షులు దిగుతాయి. నీళ్లలో నిలిచిన కడప చెట్లమీద గూడబాతులు గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపుకొని వేసవి ముదరకముందే వెళ్లిపోతాయి. వాటి రెట్ట చెరువు నీళ్లలో కలుస్తుంది. ఆ నీళ్లు పారిన మడికి ఎరువు తక్కువ వేసినా పైరు బాగుంటుందని ఆయకట్టు రైతులు ఏనాటినుంచో చెబుతున్న మాట. పక్షిని తరిమితే తమ పొలానికే నష్టమని ఇక్కడివారికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేకపోయింది. గుంటూరు దగ్గర ఉప్పలపాడులోనూ, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ పక్షులు నిలిచింది ఊరివాళ్ల ఆదరణవల్లనే.

ఇక రెండో సంగతి. గూడబాతు గూడు నేలపట్టులో ఉన్నా, దాని గాదె పులికాట్ సరస్సులో ఉంది. తల్లిపక్షులు సుమారు 20 కిలోమీటర్లు ఎగిరి వెళ్లి, సరస్సులో చేపలు పట్టి, గొంతుసంచిలో తెచ్చి పిల్లలకు పెడతాయి. కనుక చెరువులో నీళ్లుండి, సరస్సు ఎండితే గూటిలో పిల్లలకు తిండి ఉండదు. రాజహంస సంగతి వేరు. అది ఇక్కడ గుడ్లు పెట్టదు, మేతకోసమే వస్తుంది. ముక్కు తలకిందులుగా నీళ్లలో ముంచి, బురదను వడకట్టి, అందులోని నాచునూ చిన్న చిన్న జలచరాలనూ తింటుంది. దాని గులాబి రంగు ఆ మేతనుంచి వచ్చిందే. దానికి కావలసింది లోతులేని ఉప్పునీళ్లు. సరస్సు ఎండినా దానికి మేత ఉండదు, నీరు మరీ చప్పబడినా ఉండదు.

ఆ ఉప్పు ఎక్కడినుంచి రావాలి? సముద్రంనుంచే. పులికాట్ మన దేశంలో చిల్కా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. వానాకాలంలో కాళంగి వంటి ఏళ్లు మంచినీళ్లు తెస్తే, ముఖద్వారాలగుండా పోటు ఉప్పునీళ్లు తెస్తుంది. మన వైపు రాయదొరువు దగ్గర ఇసుక మేట వేసి ద్వారం పూడుకుపోతుంటుంది. పోటు రాకపోతే చేపపిల్లా రొయ్యపిల్లా లోపలికి రావు. వేసవిలో నీరు వెనక్కు జరిగి, బీటలు వారిన బురద మిగులుతుంది. అప్పుడు మత్స్యకారుల వలలూ ఖాళీ, పక్షుల కడుపులూ ఖాళీ. బతుకుతెరువు కోసం తమిళనాడు వైపు నీళ్లలోకి వెళితే అక్కడి జాలర్లతో తగాదాలు. పూడిక తీస్తామన్న మాట ఏళ్ల తరబడి వింటున్నదే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వేసిన రోడ్డు నీటి పారుదలకు అడ్డమన్న విమర్శ కూడా ఉంది. ఈ సంగతులు వేదికమీద వినబడటం అరుదు.

గ్రామస్థుల ఫిర్యాదు ఒకటుంది, దాన్నీ దాచనక్కరలేదు. అభయారణ్యం హద్దుల్లోని పల్లెకు రోడ్డు వేయాలన్నా అటవీ అనుమతి కావాలి. పక్షికున్న విలువ మనిషికి లేదా అని అడిగేవారున్నారు. 1972 చట్టం పేరు చెప్పి, వేటాడితే జైలు అని బోర్డు పెట్టినంతమాత్రాన ఈ ప్రశ్నకు జవాబు రాదు. అటవీశాఖ వారు పల్లెకు వచ్చి, ఏది కుదురుతుందో ఏది కుదరదో ఎదురుగా కూర్చుని చెప్పాలి.

పండుగ తేదీలు కూడా ఆలోచించదగినవి. జనవరిలో గూళ్లలో పిల్లలుంటాయి. అటువంటప్పుడు వేలమంది ఒక్కసారిగా కట్టమీదికి రావడం మంచిది కాదు. ఏటా అక్టోబరు మొదటి వారం వన్యప్రాణి వారోత్సవాలు, నవంబరు 12న సలీం అలీ జయంతి, ఫిబ్రవరి 2న చిత్తడి నేలల దినం ఉన్నాయి. ఆ రోజుల్లో ముప్పై నలభైమంది పిల్లల్ని తెల్లవారుజామున కట్టమీద నడిపించి, గంటసేపు మాట్లాడితే చాలు. దీనికి పందిరీ మైకూ అక్కరలేదు. నీటికాకికీ గూడబాతుకూ తేడా చెప్పగల ముసలివాళ్లు ఈ ఊళ్లలోనే ఉన్నారు. వారికి దారి ఖర్చులు, ఒక పూట కూలి ఇచ్చి పిలవవచ్చు. భీములవారిపాళెం పడవ నడిపేవారికి సరస్సు లోతు, పోటు వేళలు నోటికి వచ్చు. షికారుకొచ్చినవారు అడగరు గనుక వారు చెప్పరు.

2022లో ఈ మండలాలు నెల్లూరు జిల్లానుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. జిల్లా కేంద్రం మారినా చెరువూ సరస్సూ ఇక్కడే ఉన్నాయి. వచ్చే పండుగ లెక్కల్లో పాటకచేరీకి ఎంత, రాయదొరువు పల్లెల్లో సభలకు ఎంత అని అడగవలసింది పంచాయతీ పెద్దలు, మత్స్యకార సంఘాలవారే. అధికారులు ఏర్పాట్ల సమావేశం పెట్టినప్పుడే ఈ ప్రశ్న వేయాలి.